ఎందుకుగారు

"అక్కా, ఎందుకుగారు పోయారంట," అని మా కంపెనీ లారీ డ్రైవర్ మస్తాన్ ఫోన్ చేశాడు.

"ఎందుకు?" అన్నాను నేను.

చావుకబురు చెప్తే ఎవరైనా అయ్యో అంటారు, ఎప్పుడు అంటారు, ఏమైంది అంటారు. ఎందుకు అని అడిగింది నేనొక్కదాన్నే అయ్యుంటాను. అవతల మస్తాన్ ముక్కులోంచి ఒక శబ్దం వచ్చింది, నవ్వు ఆపుకుంటున్నాడు. నేనైతే ఆపుకోలేదు. వంటింట్లో పోపు మాడిపోతుంటే స్టవ్ ముందు నిలబడి పడీ పడీ నవ్వాను. ఆ నవ్వు ఎప్పుడు ఏడుపైందో నాకే తెలీదు. మా ఆయన వచ్చి స్టవ్ కట్టేసి, ఎవరు పోయారని అడిగాడు. ఎందుకుగారు అని చెప్పాను. "ఎందుకు?" అన్నాడాయన కూడా. ఇంక ఆ పూట మా ఇంట్లో ఉప్మా లేదు.

ఆయనకి అసలు పేరు ఒకటుంది. మా కంపెనీలో ఆ పేరుతో ఆయన్ని పిలిచినవాళ్ళు లేరు, నేను ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టను.

మాది తెనాలిలో బీరువాల కంపెనీ. మాది అంటే ఓనరుగారిది. నేను బిల్లులు రాసేదాన్ని. ఇనుప బీరువా చేసి, రంగు కొట్టి, అద్దం బిగించి, ఇటు బాపట్ల దాకా అటు రేపల్లె దాకా పంపుతాం. చెయ్యడంలో మాకు వంక పెట్టినవాళ్ళు లేరు. తంటా అంతా పంపడంలోనే. తలుపు పడటం లేదని ఒకటి, అద్దం చిట్లిందని ఒకటి, పంపిన బీరువాల్లో కొన్ని వెనక్కి వచ్చేసేవి. శుక్రవారం పెళ్ళికూతురిలా వెళ్ళిన బీరువా సోమవారానికల్లా సొట్ట మొహం వేసుకుని గేట్లో నిలబడేది. ఓనరుగారు తలపట్టుకుని కూర్చున్న రోజుల్లో ఎవరో ఆయన చెవిలో 'లీన్' అన్న మాట ఊదారు. దాంతో ఎందుకుగారు వచ్చారు.

లీన్ అంటే సన్నగా అని అర్థమట. అక్కర్లేని పని, అక్కర్లేని నడక, అక్కర్లేని ఎదురుచూపు, ఇవన్నీ కోసిపారేస్తే కంపెనీ సన్నగా, చురుగ్గా తయారవుతుందట. చెప్పిన మనిషి మాత్రం మా ఆఫీసు తలుపులోంచి పక్కకి తిరిగి లోపలికి రావాల్సి వచ్చింది. తెల్లటి పొట్టిచేతుల చొక్కా, జేబులో పసుపు రంగు పెన్ను, చంకలో అలారం గడియారం. చేతికి వాచీ ఉండగా అలారం గడియారం దేనికని అడిగితే, "వాచీ నా కోసం. ఇది మీ కోసమమ్మా," అన్నారు. అది ఆయన అనుకున్నప్పుడు తప్ప అన్ని వేళలా మోగేది.

అక్కర్లేనిదాన్ని జపాన్ వాళ్ళు 'ముడా' అంటారట. మొదటిరోజే హమాలీలందరినీ నిలబెట్టి, "మీ కంపెనీ నిండా ముడా ఉంది. ఎటు చూసినా ముడాయే కనిపిస్తోంది నాకు," అన్నారు గంభీరంగా. ఆ మాట మా హమాలీలకి వేరేలా వినపడింది. ఎలా వినపడిందో ఆడదాన్ని నేను చెప్పను, మీకూ అలాగే వినపడి ఉంటుంది. ఏసోబు అనే హమాలీ అయితే నవ్వలేక గోడవైపు తిరిగి నిలబడ్డాడు. "అదిగో, ఆయన ఎందుకు గోడవైపు తిరిగారు?" అని అడిగారు ఎందుకుగారు, నిజంగానే తెలుసుకోవాలని.

ఆయన చేసిన మొదటి పని పసుపు గీతలు గియ్యడం. ఏ వస్తువు ఎక్కడుండాలో దాని చుట్టూ నేల మీద పసుపు రంగుతో గీత. రంగు డబ్బాల చుట్టూ గీత, తోపుడు బండి చుట్టూ గీత, నా కుర్చీ చుట్టూ గీత. నేను కుర్చీ జరుపుకుంటే "అమ్మా, గీత," అనేవారు. నేనేమన్నా సీతమ్మనా అని ఒకరోజు విసుక్కున్నాను కూడా. గేటు దగ్గర ఒక ఊరకుక్క రోజూ ఒకే చోట పడుకునేది. దాని క్రమశిక్షణ చూసి ఆయనకి ఎంత ముచ్చటేసిందో, అది నిద్రపోతుండగానే దాని చుట్టూ గీత గీశారు. ఆ మర్నాటినుంచి అది గీత బయట పడుకోవడం మొదలుపెట్టింది. గీత ఎందుకు దాటావని దాన్నీ అడిగారు. అది తోకాడించింది.

ఇక ఎందుకు సంగతి. ఏ తప్పు జరిగినా ఎవరి మీదా అరవకూడదు, ఎందుకు అని ఐదుసార్లు అడగాలి, ఐదోసారికి వేరు దొరుకుతుంది. ఇదీ ఆయన విద్య. కంపెనీలో అడిగితే జీతం తీసుకుంటున్నారు, అడుగుతున్నారులే అనుకోవచ్చు. ఆయన ఎక్కడైనా అడిగేవారు. మా ఎదురుగా టిఫిన్ హోటల్లో నేనూ ఆయనా ఇడ్లీ తింటున్నాం ఒకరోజు.

"చట్నీ ఎందుకండీ పల్చగా ఉంది?" అన్నారు.

"నీళ్ళెక్కువయ్యాయండి," అన్నాడు హోటలాయన.

"ఎందుకు ఎక్కువయ్యాయి?"

"నాకు కొలత తెలీదండి."

"మీరెందుకు చేశారు మరి?"

"మా ఆవిడ లేదండి. పుట్టింటికెళ్ళింది."

"ఎందుకు వెళ్ళారు?"

"నేను మాట్లాడట్లేదనండి."

"ఎందుకు మాట్లాడట్లేదు?"

హోటలాయన గరిటె పెనం మీద పడేసి, భుజం మీద తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. దోసె మాడిపోతోంది, తినేవాళ్ళు ప్లేట్లు పట్టుకుని లేచి నిలబడ్డారు. నాకైతే తలెత్తుకోలేనంత సిగ్గేసింది. ఎందుకుగారు మాత్రం వెళ్ళి ఆయన పక్కన బల్ల మీద కూర్చున్నారు. మధ్యాహ్నం దాకా ఆఫీసుకి రాలేదు. వారం తిరక్కుండా ఆవిడ వచ్చేసింది. చట్నీ ఇంకా పల్చబడింది.

ఇంతలో శ్రావణమాసం వచ్చిపడింది. మా వ్యాపారమంతా అప్పుడే. శ్రావణ శుక్రవారం పొద్దున్నే కొత్త బీరువా గడప దాటి లోపలికి రావాలని ప్రతి పార్టీకీ ఉంటుంది. అదీ రాహుకాలం రాకముందు. శుక్రవారం పదిన్నరకల్లా రాహుకాలం మొదలు. లారీ ఒక్కటే, వెళ్ళాల్సిన ఇళ్ళు ఊరికొకటి. ఓనరుగారు అందరినీ పిలిచి కూర్చోబెట్టి చెప్పేశారు. ఈ శ్రావణం వెళ్ళేలోపు రిటర్నులు ఆగకపోతే లారీ అమ్మేస్తాను, పంపే పని బయట ట్రాన్స్‌పోర్టువాళ్ళకి ఇచ్చేస్తాను అన్నారు. లారీ పోతే మస్తాన్ పోతాడు, వెనకే హమాలీలూ పోతారు. మీసం మొలుస్తున్నప్పటినుంచి మస్తాన్ ఆ లారీయే తోలుతున్నాడు. "ఈ వయసులో నన్నెవరు పెట్టుకుంటారక్కా కొత్తగా," అని నా టేబుల్ దగ్గరకొచ్చి నిలబడ్డాడు. పసుపు గీత బయటే నిలబడ్డాడు పాపం.

ఇక్కడ పెద్దమ్మగారి గురించి చెప్పాలి. ఓనరుగారి తల్లి. వాళ్ళ ఇల్లు కంపెనీ గేటు పక్కనే. ప్రతి శుక్రవారం స్నానం చేసి, కుంకుమ భరిణె పట్టుకుని గేటు దగ్గరికి వచ్చేవారు. లారీ ఎక్కబోయే ప్రతి బీరువాకీ బొట్టు పెట్టి, తలుపు నిమిరి, "వెళ్ళి రా తల్లీ," అనేవారు. మనం గడప దాటేవాళ్ళని వెళ్ళు అనం. పో అని అసలే అనం. వెళ్ళి రా అంటాం. "శుక్రవారం పూట లక్ష్మి బయటికెళ్తుంటే ఊరికే పంపిస్తామటే?" అని ఆవిడ నాతో ఎన్నోసార్లు అన్నారు. ఊరికే ఆ మాటతో వదిలేవారా అంటే అదీ లేదు. రేపల్లె వెళ్ళే బీరువాకి ఉప్పుగాలి జాగ్రత్త, తుప్పు పట్టించుకోకు అని చెప్పేవారు. కొల్లిపర వెళ్ళేదానికి, ఆ ఇంట్లో పిల్లలు అల్లరివాళ్ళట, అద్దం చూసుకో అని చెప్పేవారు. ఆవిడ చెప్పినంతసేపూ హమాలీలు చేతులు కట్టుకుని నిలబడేవారు. అలారం గడియారం మోగి మోగి ఊరుకునేది.

ఎందుకుగారు పుస్తకం తెరిచి కూర్చునే రకం కాదు. పని జరిగే చోటికి వెళ్ళి కళ్ళారా చూడాలనేవారు. దానికీ ఒక జపాన్ పేరుంది, 'గెంబా' అట. శ్రావణమాసం రెండో శుక్రవారం గెంబా అని లారీ ఎక్కి మస్తాన్ పక్కన కూర్చున్నారు. భట్టిప్రోలు దగ్గర టీ తాగడానికి ఆపారు. "క్యాబిన్లో కూర్చుంటే డ్రైవర్ కష్టమే తెలుస్తుంది. బీరువా కష్టం తెలీదు. నేను వెనకెక్కుతా," అన్నారు. సరే, వెనక నిలబడి చూస్తారు కాబోలు అనుకున్నాడు మస్తాన్. హమాలీలు ఇంకా టీ దగ్గరుండగానే ఈయన వెళ్ళి ఒక బీరువా తెరుచుకుని, లోపల అరలు ఇంటికి చేరాకే బిగిస్తారు కాబట్టి, అందులో కూర్చుని తలుపు దగ్గరికి లాక్కున్నారు.

తర్వాత జరిగింది మస్తాన్ చెప్తే విన్నదే. రాహుకాలం తరుముకొస్తోంది. లారీ స్పీడ్ బ్రేకర్ల మీద ఎగిరి ఎగిరి పడింది. రేపల్లెలో దిగి చూస్తే వెనక ఎందుకుగారు లేరు. ఎక్కడో దిగిపోయి ఎవర్నో ఎందుకు అని అడుగుతుంటారులే అనుకున్నారు. బోట్ల దగ్గర చేపలు కొని అమ్ముకునే వాళ్ళ ఇల్లు అది. వాకిట్లో ఆడవాళ్ళు హారతి పళ్ళెంతో రెడీగా ఉన్నారు. "ఏంట్రా ఇది ఇంత బరువుంది," అని ఏసోబు గొణుక్కుంటూనే మిగతావాళ్ళతో కలిసి దాన్ని దించి గడప దాటించాడు. హారతి ఇచ్చారు, కొబ్బరికాయ కొట్టారు. ఆ ఇంటి కోడలు పసుపు కుంకుమ లోపల పెడదామని హ్యాండిల్ తిప్పితే తలుపు రాలేదు. లోపల్నించి తుమ్ము వినపడింది.

ఏసోబు బీరువా అంచుకి కాలు తన్నిపెట్టి తలుపు లాగాడు. లోపల్నించి ఎందుకుగారు చెమటతో తడిసి ముద్దయి, నుదుటి మీద బొప్పితో బయటికొచ్చారు. ఇంటి నిండా ఆడవాళ్ళు కెవ్వున అరిచారు. ఆయన అదేం పట్టించుకోకుండా మస్తాన్ కోసం చూసి, "స్పీడ్ బ్రేకర్ దగ్గర ఎందుకు స్లో చెయ్యలేదు?" అని అడిగారు. మస్తాన్ ఇంక లారీ పోయినట్టే, ఉద్యోగం పోయినట్టే అనుకున్నాడు. అప్పుడు ఆ ఇంటి ముసలావిడ ముందుకొచ్చి, ఎందుకుగార్ని పైనుంచి కిందిదాకా చూసి, "ఒసే, బీరువా నిండుగా వచ్చిందే మనింటికి!" అంది. ఇంకేముంది, ఆయన్ని పీట మీద కూర్చోబెట్టి, పరమాన్నం పెట్టి, పంచెల చాపు పెట్టి పంపించారు. ఆ బీరువా తలుపు ఈరోజుకీ సరిగ్గా పడదు. మార్చి ఇస్తామంటే వాళ్ళు ఒప్పుకోలేదు.

ఆ మర్నాడు మీటింగు. ఎందుకుగారి నుదుటి మీద బొప్పి ఇంకా ఎర్రగానే ఉంది, మొహంలో మాత్రం వెలుగు. బోర్డు మీద పైన రాశారు: బీరువా ఎందుకు వెనక్కొస్తోంది?

"తలుపు పడట్లేదండి," అన్నాడు ఏసోబు.

"ఎందుకు పడట్లేదు?"

"మడతబందులు వంగిపోతున్నాయండి. స్పీడ్ బ్రేకర్ల మీద ఎగురుతోంది కదండీ బండి."

"ఎందుకు ఎగురుతోంది?"

"స్పీడుగా తోలుతున్నానండి," అన్నాడు మస్తాన్ తలొంచుకుని. "రాహుకాలం లోపు చేరాలి కదండీ."

"మరి ముందే ఎందుకు చేరట్లేదు?"

"ఇక్కడ బయల్దేరడమే లేటండి."

"ఎందుకు లేటు?"

జవాబు తెలియనివాళ్ళు లేరు, పైకి అనేదెవరు? చివరికి వాచ్‌మన్ అన్నాడు, "పెద్దమ్మగారు ఒక్కో బీరువాకీ వెళ్ళి రా అని చెప్తారు కదండీ, అందుకండి."

ఎందుకుగారు అన్ని జవాబులూ వరసగా రాశారు. అట్టడుగున 'వెళ్ళి రా అంటున్నారు కాబట్టి' అని రాసి, కింద పసుపు గీత కొట్టారు. సరిగ్గా అప్పుడే ఓనరుగారు లోపలికొచ్చారు. ఆయన ఎప్పుడూ కాగితం చదివినా పై ముక్కా, కింది ముక్కా చదువుతారు, మధ్యది మాకు వదిలేస్తారు. పైన చూశారు: బీరువా ఎందుకు వెనక్కొస్తోంది? కింద చూశారు: వెళ్ళి రా అంటున్నారు కాబట్టి. ఆయన మొహం పాలిపోయింది.

"అదేనండీ!" అని ఏసోబు తొడ చరుచుకున్నాడు. "అంత ప్రేమగా రమ్మంటే రాదా మరి!"

ఇక చూడండి. ఒక్కొక్కళ్ళకీ జ్ఞానోదయమైపోయింది. ఆవిడ జ్వరంతో పడుకున్న శుక్రవారం ఒక్కటీ వెనక్కి రాలేదని ఒకరు, ఆవిడ రెండుసార్లు బొట్టు పెట్టిన బీరువా రెండుసార్లు వచ్చిందని ఒకరు. "అయ్యా, మాట కాదండీ! టైమండీ, టైము!" అని ఎందుకుగారు బోర్డు ముందు చేతులు ఊపుతూనే ఉన్నారు. వినే నాథుడు లేడు. చదువుకున్నదాన్ని నేను కూడా, నిజం చెప్పాలంటే, అవును కదా అనుకున్నాను ఒక్క క్షణం.

పెద్దమ్మగారి చెవిన పడటానికి ఎంతసేపు? తర్వాతి శుక్రవారం గేటు దగ్గరికి ఆవిడ రాలేదు. లారీ టైముకి ముందే బయల్దేరింది. ఎందుకుగారి లెక్క ప్రకారం అంతా బాగుండాలి. కానీ ఎవరూ ఏ మాటా చెప్పకుండా గేటు దాటడం మస్తాన్‌కి అలవాటు లేదు. దారిలో ఏదో అవుతుందని భయం పట్టుకుని, ఎడ్లబండి కూడా దాటిపోయేంత మెల్లగా తోలాడు. ఒక్క బీరువాకి సొట్ట లేదు, ఒక్క అద్దం చిట్లలేదు. చేరేసరికి రాహుకాలం నడినెత్తికొచ్చింది. ఇప్పుడు గడప దాటనివ్వం అని రెండిళ్ళవాళ్ళు తిప్పి పంపేశారు. ఓనరుగారు ఆ రెండు బీరువాలూ చూసి, "వచ్చే శుక్రవారం ఆఖరు. తర్వాత లారీ బేరం పెట్టేస్తాను," అన్నారు.

ఇక్కడ కంపెనీ గతి ఇలా ఉంటే అక్కడ ఇంట్లో ఇంకో గొడవ. పెద్దమ్మగారు ఎవరికీ వెళ్ళి రా అనడం మానేశారు. నా నోరు మంచిది కాదని తేలిందిగా అని కూర్చున్నారు. పాలబ్బాయి వెళ్తానంటే చెయ్యి ఊపేవారు. వంటావిడ పనైపోయాక, ఆ మాట వినందే గడప దాటలేక, సాయంత్రం దాకా వంటింటి గుమ్మంలో అలాగే కూర్చుని, రాత్రి వంట కూడా చేసేసి వెళ్ళేది. ఎందుకుగారు ఇది విని అన్నం మానేశారు. నన్ను తోడు తీసుకుని ఆవిడ దగ్గరికి బయల్దేరారు.

"రా నాయనా," అన్నారు పెద్దమ్మగారు, మొహం చూడకుండా. "నా నోటి వల్ల కంపెనీ మునిగిపోతోందటగా."

"అలా అనలేదండీ. మీరు చెప్పే మాటకి టైము పడుతోందన్నానండి, అంతే."

"అయితే ఏమనాలి? వెళ్ళు అనాలా? పో అనాలా? ఆ మాట నా నోట రాదయ్యా. చచ్చినా రాదు."

ఆయన నేను ఎప్పుడూ వినని మెత్తటి గొంతుతో అడిగారు, "ఎందుకంటారండీ ఆ మాట?"

"ఎందుకేంటి? వెళ్ళింది తిరిగి రావాలని."

"బీరువా తిరిగి రావాలాండీ?"

"చీ చీ, అదెందుకు రావడం. వాళ్ళింట్లో నిండుగా ఉండాలి."

"మరి తిరిగి రావాల్సింది ఏంటండీ?"

పెద్దమ్మగారు కుంకుమ భరిణె మూత తీశారు, పెట్టారు. గేటు అవతల లారీ దగ్గర మస్తాన్ టైరు గాలి చూసుకుంటున్నాడు, కిటికీలోంచి కనిపిస్తున్నాడు. ఆవిడ అటే చూస్తూ ఉండిపోయారు.

"వాడు," అన్నారు చివరికి. "ఓరి దేవుడా. ఇన్నేళ్ళనుంచి ఇనుప పెట్టెలకి చెప్తున్నాను. తోలుకెళ్ళే పిల్లాడికి ఒక్కనాడూ చెప్పలేదే!"

ఎందుకుగారు కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నారు. అది మబ్బుగా లేదు, నేను చూశాను.

ఆఖరి శుక్రవారం పొద్దున్న అందరం గేటు దగ్గరే ఉన్నాం. బీరువాలకి బొట్లు పెద్దమ్మగారు ముందురోజే షెడ్డులోకి వచ్చి పెట్టేశారు, మాటామంతీ లేకుండా. ఆవిడ నడిచే దారి పొడుగునా ఎందుకుగారు పసుపు గీత గీయించారు. ఆవిడ గీత పక్కనుంచే నడిచారు. శుక్రవారం లారీ ఎక్కించడం ఎప్పుడు మొదలైందో ఎప్పుడు అయిపోయిందో కూడా తెలీలేదు. మస్తాన్ క్యాబిన్లో కూర్చున్నాడు. పెద్దమ్మగారు తిన్నగా డ్రైవర్ తలుపు దగ్గరికి వెళ్ళారు. లారీ ఎత్తు, ఆవిడ పొట్టి. తలెత్తి, "మస్తానూ, వెళ్ళి రా నాయనా," అన్నారు.

మస్తాన్ బిత్తరపోయాడు. అవునండి అనాలో సరేనండి అనాలో తెలీక, లారీ దిగిపోయాడు. దిగి ఏం చెయ్యాలో తెలీక మళ్ళీ ఎక్కాడు. "వెళ్ళొస్తానమ్మగారూ," అని అరిచినంత పని చేశాడు. ఏసోబు, మిగతా హమాలీలు కూడా లారీ వెనకనుంచి తొంగిచూసి, "మాకండీ?" అన్నారు. ఆవిడ నవ్వేసి, "అందరూ వెళ్ళి రండి," అన్నారు. ఒక్క మాటతో అయిపోయింది. లారీ టైముకే గేటు దాటింది, కంగారు లేకుండా వెళ్ళింది, రాహుకాలం రాకముందే అన్ని గడపల్లోకీ బీరువాలు చేరాయి. ఒక్కటీ వెనక్కి రాలేదు. సాయంత్రం ఖాళీ లారీ గేట్లోకి వస్తుంటే ఓనరుగారు స్వయంగా గేటు తీశారు. అమ్మకం మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ తర్వాత ఎందుకుగారు మాతో ఉన్నన్నాళ్ళూ ప్రతి శుక్రవారం గెంబా అంటూ లారీ ఎక్కేవారు. బీరువాలో కాదు, మస్తాన్ పక్కన. పెద్దమ్మగారు "ఇద్దరూ వెళ్ళి రండి," అనేవారు. ఈయన కిటికీలోంచి తల బయటపెట్టి, అంత మనిషీ బుద్ధిగా తలూపేవారు. రిటర్నులే లేనప్పుడు ఇంకా చూడాల్సిందేంటని నేను ఒకసారి అడిగితే, "చూస్తూ ఉండాలమ్మా," అన్నారు. కొన్నాళ్ళకి ఆయన అవసరం మా కంపెనీకి తీరిపోయింది. సొంతూరు బాపట్ల వెళ్ళిపోయారు.

ఆ బాపట్లకే నేనూ మస్తానూ లారీలో వెళ్ళాం, చూసి రావడానికి. అప్పటికి తీసుకెళ్ళిపోయారు. వాళ్ళ చెల్లెలు కాబోలు, ఒకావిడ గుమ్మంలో కూర్చునుంది. కాసేపు కూర్చుని లేచాం. చావింట్లో వెళ్ళొస్తామని చెప్పకూడదు కాబట్టి ఏమీ చెప్పకుండానే బయటికొచ్చేశాం. మస్తాన్ లారీ తీశాడు.

"ఆయన రేపల్లె రాలేదక్కా ఎప్పుడూ," అన్నాడు ఉన్నట్టుండి.

"అదేంటి? ప్రతి శుక్రవారం ఎక్కేవారుగా నీ బండి?"

"ఎక్కేవారు. ఆ బీరువాలో కూర్చున్న రోజు తప్ప ఒక్కసారీ రాలా. ఊరు దాటాక రైలు గేటు దగ్గర ఆపమనేవారు. దిగి, ఆటో ఎక్కి తిరిగి తన గదికి వెళ్ళిపోయేవారు."

"మరి ఎక్కడం దేనికి?"

"అమ్మగారు చెప్తారు కదక్కా, ఇద్దరూ వెళ్ళి రండని. ఒంటరిగా గదికి తాళమేసుకుని వచ్చే మనిషి. ఆయనకి ఎవరు చెప్తారు ఆ మాట?"

అక్కర్లేని నడక, అక్కర్లేని ప్రయాణం అని మా ప్రాణం తీసిన మనిషి, ఒక్క మాట కోసం రైలు గేటు దాకా వెళ్ళి రావడమేంటి! నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఆయన మీద కోపం కూడా వచ్చింది.

"మరి నువ్వేం చేసేవాడివి?" అన్నాను.

"ఆటో దొరికేదాకా బండి పక్కన పెట్టుకుని ఉండేవాణ్ణి."

"రాహుకాలం పెట్టుకునా?"

"అవునక్కా," అన్నాడు మస్తాన్. "ఆయన్ని రోడ్డు మీద వదిలేసి ఎట్టా వెళ్తాను?"